మా బావమరిది నెట్‌వర్క్‌లో నేనొక వనరు

మీ చుట్టాల్లో ఒక్క స్టార్టప్ వ్యాపారి అయినా ఉన్నాడా? లేడా? అయ్యో పాపం! మీ ఇంట్లో ఉన్న వస్తువుల అసలు విలువ మీకు ఈ జన్మకి తెలియదు.

నాకు తెలిసింది. మా బావమరిది ఈ మధ్య ఉద్యోగం మానేసి, జనం ఇళ్లలో కర్టెన్లు విప్పి తీసుకెళ్లి, ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్లీ తగిలించి వచ్చే కంపెనీ పెట్టాడు. పెట్టుబడి ఏదని అడిగితే ఫోన్ చూపించాడు.

"ఇందులో ఉన్న మనుషులే బావా, నా పెట్టుబడి" అన్నాడు.

ఎంత గొప్ప మాట! నా కళ్లు చెమర్చాయి. ఆ మనుషుల్లో మొదటివాణ్ణి నేనేనని అప్పటికి తెలియదు.

మర్నాటికల్లా మా వాషింగ్ మెషీన్ ఆ కంపెనీకి ఫ్యాక్టరీ అయిపోయింది. మా డాబా, ఉతికినవి ఆరేసే డ్రయింగ్ యూనిట్. బంధువుల గ్రూపులో మా పిన్ని సరదాగా పెట్టిన కుట్టుమిషన్ ఫోటో చూసి, చిరిగినవన్నీ ఆవిడకి పంపేశాడు. నా కారు డెలివరీలకి వెళ్తోంది, నేను ఆఫీసుకి నడిచి వెళ్తున్నాను. ఆరోగ్యానికి ఎంత మంచిది!

అక్కడితో ఆగితే వ్యాపారి ఎలా అవుతాడు? ఆన్‌లైన్‌లో నా పళ్ల డాక్టరుతో స్నేహం కలిపాడు. నేను కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు, ఆ డాక్టరు పట్టకారు చేతిలో పట్టుకుని, తన క్లినిక్ కర్టెన్లకి డిస్కౌంట్ ఇప్పించమన్నాడు. కాదనే స్థితిలో ఉన్నానా? మా బాస్ గదిలోకి పిలిస్తే ప్రమోషనే అనుకుని వెళ్లాను. వాళ్లింటి కర్టెన్లు ఎప్పుడొస్తాయని అడిగాడు. ఇంతకు ముందు నన్ను పట్టించుకున్నదెవరు? ఇప్పుడు అందరికీ నాతో పనే!

మొన్న ఆదివారం నా చిన్ననాటి స్నేహితుడు, లెక్కల మాస్టారు, చెప్పాపెట్టకుండా వచ్చాడు. కాఫీ తాగుతూ పాత కబుర్లు చెప్పాడు. లెక్కలు మాత్రం నేనే వేసుకుంటున్నాను. వీడికి కావలసింది కారా, డాబానా? వాడు వెళ్తానని లేచేసరికి ఉండబట్టలేక, ఏం పనిమీద వచ్చావని అడిగేశాను.

"పనేం లేదురా. చూసి చాలా రోజులైంది కదా, ఊరికే వచ్చా" అన్నాడు.

చూశారా పాఠకులారా? ఇలాంటివాడు ఎలా బాగుపడతాడు? నెట్‌వర్కింగ్‌లో ఓనమాలు కూడా రావు! నాలుగు మంచి ముక్కలు చెప్పి పంపుదామని గేటు దాకా వెళ్లాను. కబుర్లలో పడి, వీధి దీపాలు వెలిగేదాకా ఇద్దరం అక్కడే నిలబడి నవ్వుకుంటూ ఉండిపోయాం. మంచి ముక్కలు చెప్పడం మర్చేపోయాను.

వచ్చే ఆదివారం కూడా రమ్మన్నాను. ఊరికే.