ఏమీ జరగకపోవడం మీద విచారణ

మహారాష్ట్రలోని భివండి పట్టణానికి మంచి రోజులు వచ్చాయని 2005 జూన్‌లో దత్తు సేఠ్ అధికారికంగా ప్రకటించాడు. గైబీ నగర్‌లో చాయ్ తాగేవాళ్ళందరి చేతికీ ఆ ఉదయం ఒక నిగనిగలాడే కరపత్రం వచ్చింది. పైన "నిన్న మగ్గం, నేడు విమానం" అని మూడు భాషల్లో అచ్చు. కింద చేతులు జోడించిన దత్తు సేఠ్ ఫోటో, ఆయన నెత్తి మీదుగా ఎగిరిపోతున్న నాలుగు ఇంజన్ల విమానం. అంజూర్ ఫాటా దగ్గర తన ఖాళీ గోదాములో విమానాల మరమ్మతు నేర్పే విద్యాలయం పెడుతున్నాననీ, దేశంలో ఎక్కడ విమానం చెడినా ఇకపై భివండి వైపే చూడాల్సి వస్తుందనీ అందులో ఉంది.

దత్తు సేఠ్ సామాన్యుడు కాడు. నూటపది కరెంటు మగ్గాల యజమాని, కార్పొరేటర్, పార్టీకి పట్టణ ఉపాధ్యక్షుడు. విమానం ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఆ కారణంగా విమానాల మీద ఆయనకు ఎలాంటి పక్షపాతమూ లేదు.

కరపత్రాన్ని అందరికంటే శ్రద్ధగా చదివినవాడు దేవయ్య. తెలంగాణ నుంచి వలస వచ్చి సేఠ్ షెడ్డులో మగ్గాలు బాగుచేసే మిస్త్రీ. ఇరవై ఎనిమిదేళ్ళుగా మగ్గాల మోతలో ఉండి కుడి చెవి సగం పోయింది. ఎడమ చేతి చిటికెన వేలు కూడా సగమే ఉంటుంది. కరెంటు పోయిందని మగ్గంలో చెయ్యి పెట్టినప్పుడు కరెంటు తిరిగొచ్చి పట్టుకుపోయిన భాగం అది. పన్నెండో తరగతి పాసైన తన బిడ్డ స్వర్ణ ఈ మోతలోకి రాకూడదన్నది దేవయ్యకున్న ఒకే ఒక్క కోరిక. ముంబైలో విమానాలు బాగుచేసే హాంగరులో ఆమెకు పని దొరికితే చాలు. కరపత్రం మడిచి జేబులో పెట్టుకుని మర్నాడే బిడ్డను చేర్పించాడు.

నెల తిరక్కుండా విమానం వచ్చింది. ఎగురుతూ కాదు, లారీ మీద. రెక్కలు విడిగా, తోక విడిగా, తుక్కు బజారు నుంచి తెచ్చిన రెండు సీట్ల బుల్లి విమానం. ముందు ప్రొపెల్లర్ ఉంది. దాని వెనక ఇంజన్ ఉండాల్సిన చోట పిచ్చుక గూడు ఉంది.

"ఇంజన్ ఏది సేఠ్?" అని దేవయ్య అడిగాడు.

"ఇంజన్ ఉంటే ఎగురుతది. ఎగిరితే పోరగాండ్లు దేని మీద నేర్చుకుంటరు?" అన్నాడు సేఠ్.

అంత దూరదృష్టి తనకు లేకపోయినందుకు దేవయ్య నొచ్చుకున్నాడు.

పాఠం చెప్పడానికి హాంగరులో పనిచేసి రిటైరైన ఒక మరాఠీ సార్‌ను పెట్టారు. ఆయన మూడు నెలలు పాఠాలు చెప్పాడు. ఇంజన్ ఎప్పుడొస్తుందని రోజూ అడిగాడు. నాలుగో నెల రావడం మానేశాడు. వెళ్ళే రోజున తన సంచిలో మిగిలిన ఎర్ర అట్టచీటీల కట్ట ఒకటి స్వర్ణ చేతిలో పెట్టాడు. "ముట్టుకోవద్దు" అని పెద్దక్షరాలతో రాసి ఉండే చీటీలు. పనిచేసేవాళ్ళు విమానానికి కడతారు, కట్టినవాళ్ళే విప్పాలి. ఆయన చెప్పిన పాఠాల్లో స్వర్ణ నోట ఇంట్లో ఎక్కువగా వినబడేది ఇంకొకటి: కరెంటు ఉన్నా లేకపోయినా ముందు స్విచ్ బంద్ చెయ్యాలి, తర్వాతే చెయ్యి పెట్టాలి.

"షెడ్డుల ఎవ్వలు బంద్ చెయ్యరు బిడ్డా," అన్నాడు దేవయ్య. "స్విచ్ చాలూ ఉంటేనే కరెంటు అచ్చినప్పుడు మగ్గం తానంతట తానే నడుస్తది. గా మోతకే పన్నోళ్ళు లేస్తరు. బంద్ చేస్తే కరెంటు అచ్చింది ఎట్ల ఎరుకైతది?"

అన్నం వడ్డిస్తున్న అతని భార్య లక్ష్మవ్వ ఆ సగం చిటికెన వేలు వైపు చూసి పప్పు పోసింది.

సార్ వెళ్ళిపోయాక విద్యాలయం ఇంకా సాఫీగా నడిచింది. ప్రతి విద్యార్థికీ లాగ్‌బుక్ ఒకటి ఉంటుంది. ఏ రోజు ఏ పని చేతులతో చేశారో అందులో రాసి సంతకం పెట్టించుకోవాలి. హాంగరువాళ్ళు మొదట చూసేది దాన్నే. రెండో ఏడు నడుస్తుండగా దత్తు సేఠ్ ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుని, నలభై నాలుగు మంది విద్యార్థుల్లో నలభై మూడు మందికి తలా వెయ్యి గంటల పని మంజూరు చేశాడు. ఒక్క స్వర్ణ మాత్రం పుస్తకం ఇవ్వలేదు.

"నేను చేసిందేమున్నది కాకా, రాసుకోనీకి?"

"చెయ్యనిదానికే గద బిడ్డా సర్టిఫికెట్. చేసింది అందరికి కనవడనే కనవడ్తది," అన్నాడు సేఠ్.

ఆమె లాగ్‌బుక్ తెల్లగానే మిగిలింది. దేవయ్యకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఇంతలో మంత్రిగారు వస్తున్నారని కబురు వచ్చింది. విద్యాలయాన్ని ఆయన జాతికి అంకితం చేస్తారు. అంతకంటే ముందు విమానం ప్రొపెల్లర్ తిరగాలి, పత్రికలవాళ్ళు ఫోటో తీయాలి. సేఠ్ దేవయ్యను పిలిపించాడు.

"దేవయ్యా, గా పంకా తిప్పాలె."

"ఇంజన్ లేదు గద సేఠ్."

"మన షెడ్డుల మోటార్లకు కరువా?"

దేవయ్య రెండు రోజులు కూర్చుని పిచ్చుక గూడును జాగ్రత్తగా పక్కకు జరిపి, అక్కడ మగ్గం మోటారు బిగించాడు. మోటారు నుంచి పంకాకు బెల్టు పట్టా వేశాడు. తీగ లాగి ఇరవై అడుగుల దూరంలో గోదాము గోడకు స్విచ్ పెట్టాడు. పంకా బ్రహ్మాండంగా తిరిగింది. మగ్గం మోటారు మీద నడిచే విమానం మరే దేశానికీ ఉండదని సేఠ్ మెచ్చుకున్నాడు. నడవదు, పంకా ఒక్కటే తిరుగుతుందని సరిదిద్దడానికి దేవయ్యకు మనసొప్పలేదు.

కార్యక్రమం రోజున స్వర్ణ పొద్దున్నే వచ్చి ప్రొపెల్లర్‌కు ఎర్ర చీటీ కట్టింది. పదిన్నరకు సేఠ్ చూశాడు.

"ఎర్ర రంగేంది? గిది లాల్ బావుటా యూనియనోళ్ళ రంగు. మన పార్టీది ఊదా రంగు."

"ఊదా చీటీ చూసి ఎవ్వలన్న ఆగుతరా కాకా?"

"ఎందుకు ఆగాలె? పార్టీ ముంగటికి పోవాలె."

ఎర్ర చీటీ విప్పి, ఊదా రంగు రిబ్బను కట్టించి, దాని మీద బంతిపూల దండ వేయించాడు.

మంత్రిగారు పదకొండుకు రావాలి. పన్నెండుంపావుకు దేవయ్య చివరిసారి పంకా తిప్పి చూసుకుంటుండగా కరెంటు పోయింది. అది మామూలే. రోజూ పన్నెండుంపావుకు పోయి మూడింటికి వస్తుంది. దేవయ్య చేతులు తుడుచుకుని చాయ్‌కి వెళ్ళాడు. మంత్రిగారు రెండు ముప్పావుకు వచ్చారు. ప్రజల మీద అభిమానం వల్లే ఆలస్యమైందని పీఏ వివరించాడు.

మైకు పనిచేయడం లేదు. మంత్రిగారు వెరవలేదు. విమానం దగ్గరికి నడిచి, ప్రొపెల్లర్ రెక్క మీద కుడి చెయ్యి వేసి, ఆనుకుని నిలబడి, గొంతెత్తి ప్రసంగించారు. భివండి గుడ్డ దేశపు ఒళ్ళు కప్పిందనీ, ఇక భివండి ఇంజనీర్లు దేశపు ఆకాశం కప్పుతారనీ అన్నారు. కార్యకర్తలు చప్పట్లు కొడుతూ ఒక్కొక్కరే ఫోటోలో పడే దూరానికి జరిగారు.

స్వర్ణ వచ్చి తండ్రి ఎడమ చెవి దగ్గర నోరు పెట్టింది.

"బాపు, స్విచ్ బంద్ చేసినవా?"

"కరెంటు వాయె గద బిడ్డా," అన్నాడు దేవయ్య.

అన్న తర్వాత తను ఏమన్నాడో అతనికే వినబడింది. గోడ గడియారంలో మూడింటికి రెండు నిమిషాలు. చిటికెన వేలు లేని చోట జివ్వుమంది. మంత్రిగారి చెయ్యి వైపే చూస్తూ నిలబడిపోయాడు.

స్వర్ణ ముందు మంత్రిగారి వైపే వెళ్ళింది. "సార్, పక్కకు జరగండి," అంది మరాఠీలో. సార్ ప్రసంగంలో ఉన్నారని పీఏ ఆమెను వెనక్కి నెట్టాడు. ఆమె ఇంకోసారి అడగలేదు. గోదాము గోడ వైపు పరుగెత్తి, స్విచ్ హ్యాండిల్ కిందికి గుంజి, జడ రిబ్బను విప్పి దానితో ఇంకో ఎర్ర చీటీ కట్టి, స్విచ్‌కు వీపు ఆనించి నిలబడింది.

మూడింటికి కరెంటు వచ్చింది. ట్యూబులైట్లు వెలిగాయి, మైకు కీచుమంది. మంత్రిగారి చెయ్యి ప్రొపెల్లర్ మీద ఉన్నది ఉన్నట్టే ఉంది. దేవయ్య నేల మీద కూర్చుండిపోయాడు. సంతోషంతో ఏడుస్తున్నాడని పక్కవాళ్ళు అనుకున్నారు.

"ఇక పంకా తిప్పు," అని సేఠ్ కేకేశాడు.

"పక్కకు జరిగితే తిప్పుత కాకా. అందరు జరగాలె."

చిక్కు అక్కడే వచ్చింది. ఫోటోలో పడాలంటే పంకా పక్కన ఉండాలి. పంకా తిరగాలంటే పక్కన ఎవరూ ఉండకూడదు. అరవై మంది కార్యకర్తల్లో ఒక్కరు కూడా పార్టీని వదిలి అడుగు వెనక్కి వేయలేదు. మంత్రిగారు గడియారం చూసుకున్నారు. తిరగని ప్రొపెల్లర్‌ను జాతికి అంకితం చేసి వెళ్ళిపోయారు.

మర్నాడు పత్రికల్లో "మంత్రి ముందు మొరాయించిన విమానం" అని వచ్చింది. ప్రభుత్వం ఊరుకోలేదు. ముగ్గురు అధికారులతో విచారణ సంఘం వేసింది. సంఘం స్వర్ణను పిలిచింది.

"ప్రొపెల్లర్ ఎందుకు తిరగలేదు?"

"నేను స్విచ్ బంద్ చేశాను."

"ఎందుకు?"

"మంత్రిగారి చెయ్యి దాని మీద ఉంది."

"ఆయన చేతికి ఏమైనా అయిందా?"

"కాలేదు."

"ఏమీ కానిదానికి స్విచ్ ఎందుకు బంద్ చేయాల్సి వచ్చింది?"

స్వర్ణ దగ్గర దానికి జవాబు లేదు. సంఘం దగ్గర కూడా లేదు గానీ, సంఘానికి సంతకాలున్నాయి. వారం తిరక్కుండా చార్జిషీటు వచ్చింది. "సదరు విద్యార్థిని పై తేదీన మధ్యాహ్నం 2 గంటల 58 నిమిషాలకు, ఎవరి ఆదేశమూ లేకుండా, విద్యుత్తు లేని సమయంలో మోటారు స్విచ్‌ను బంద్ చేసి, ఎర్ర చీటీ కట్టి, అందరూ తొలగేవరకు తిరిగి వేయడానికి నిరాకరించినట్టు రుజువైనది." కింద మూడు సంతకాలు, గుండ్రటి ముద్ర. విద్యాలయం నుంచి పేరు కొట్టేశారు.

దేవయ్య ఆ కాగితాన్ని కరపత్రంతో కలిపి మడిచాడు. "నేను బంద్ చేసుంటే అయిపోతుండె బిడ్డా," అన్నాడు. ఆ మాట వారం రోజుల్లో పదిసార్లు అన్నాడు.

రెండు నెలలకు ముంబైలో ఒక హాంగరువాళ్ళు ట్రైనీలను తీసుకుంటామన్నారు. విద్యాలయం నుంచి నలభై మూడు మంది తలా వెయ్యి గంటలతో వెళ్ళారు. స్వర్ణ తెల్ల లాగ్‌బుక్‌తో వెళ్ళింది. చేసిన పనికి కాగితం ఏమైనా ఉందా అని అక్కడి పెద్ద ఇంజనీరు అడిగితే, ఉన్నది అదొక్కటే కనుక చార్జిషీటు ఇచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు.

"కరెంటు లేదా ఆ టైముకి?"

"లేదు సార్. అందుకే బంద్ చేసిన."

ఆయన చార్జిషీటును ఆమె ఫైల్లో పైన పెట్టుకుని, సోమవారం పనిలోకి రమ్మన్నాడు. మిగిలిన నలభై మూడు మందికి భివండి పక్కన పూర్ణలో గోదాముల్లో పెట్టెలు మోసే పని దొరికింది.

గైబీ నగర్‌లో ఇలాంటివి దాగవు. రెండో రోజు పొద్దున సత్తెమ్మ విద్యాలయంలో చదివిన తన కొడుకును వెంటబెట్టుకుని సేఠ్ ఇంటి ముందు నిలబడింది. "మా పోరనికి సుత ఒక చార్జిషీట్ ఇప్పియ్యి సేఠ్. వాడేం పాపం చేసిండని ఇయ్యలే?" అంది. ఆమె వెనక వెంకవ్వ, వెంకవ్వ వెనక వీధి మలుపు దాకా తల్లిదండ్రులు.

ప్రజల కష్టం చూసి ఊరుకునే మనిషి కాదు దత్తు సేఠ్. సాయంత్రానికల్లా చార్జిషీటు కాగితాల కట్టతో షెడ్డుకు వచ్చాడు. సాక్షిగా దేవయ్య సంతకం కావాలి. దేవయ్య ముందు మెయిన్ స్విచ్ బంద్ చేశాడు. మగ్గాలు ఆగాయి. చేతులు తుడుచుకుని కాగితాలు ఒక్కొక్కటే తిరగేశాడు. తేదీ అదే, టైము అదే, ఎర్ర చీటీ అదే. పేరు ఒక్కటే వేరు.

"ఇంత మందికి ఒక్కటే స్విచ్ ఉండె గద సేఠ్."

"ఇంకిన్ని కావాల్నా? రేపు పెట్టిస్త. నువ్వైతే సంతకం చెయ్యి."

దేవయ్య కట్టను తిరిగి సేఠ్ చేతిలో పెట్టి, మగ్గం కిందికి దూరి పనిలో పడ్డాడు. సాక్షి లేకపోయినా లోటు రాలేదు. విద్యాలయం రికార్డు ప్రకారం ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటల యాభై ఎనిమిది నిమిషాలకు ఆ ఒక్క స్విచ్‌ను నలభై నాలుగు మంది బంద్ చేశారు.