పడవ వాటా

ఆదివారం పొద్దున్నే చిరిగిన వల బాగుచేసుకుందామనుకున్నాడు ముత్యాలయ్య. కృష్ణపట్నం దగ్గరి ఆ పల్లెలో ఆయనకు సొంత పడవ ఉంది. పెంచల్‌తో కలిపి ముగ్గురు ఆయనతో వేటకు వస్తారు. పట్టిన చేపలు వాటాలు వేయాలంటే ఊరంతా ఆయన్నే నమ్ముతుంది. ఆ నమ్మకం చూసుకునే ఆయన మీసం కాస్త పైకి లేచి ఉంటుంది.

ఇంతలో నాలుగో తరగతి చదివే కూతురు స్వర్ణ నోటుబుక్కుతో వచ్చింది.

"నాన్నా, నలుగురు కలిసి అరవై కిలోల చేపలు పట్టినారంట. సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత?"

"పడవ ఎవురిది?"

"పుస్తకంలో రాయలా."

"రాసినోళ్లకి తెలిస్తే గదా! పడవకొక వాటా, వలకొక వాటా. మొత్తం ఆరు. మనిషికి పది కిలోలని రాసుకో."

"తెలుగులో 'మా నాన్న' అని వ్యాసం గూడా రాయాల."

"దానికి నేనెందుకు? చూసింది చూసినట్టు రాయి" అంటూ ముత్యాలయ్య వల అందుకున్నాడు.

ముత్యాలయ్య చెప్పిన లెక్కకు తిరుగేముంది? సాయంత్రానికి పల్లె పిల్లలు పదకొండు మందీ 'పది కిలోలు' అని ఎక్కించుకున్నారు. సోమవారం టీచరు అనూష పదకొండు పుస్తకాల్లోనూ తప్పు కొట్టి, ఈ లెక్క చెప్పినవాళ్లను పిలుచుకురమ్మంది. కబురు రేవు చేరేసరికి 'పడవకు వాటా ఇవ్వకూడదంట' అని మారింది. ముత్యాలయ్య తన ముగ్గురు మనుషులనీ వెంటేసుకుని బడి మీదికి వెళ్లాడు.

"లెక్కలో పడవ లేదండీ" అంది అనూష. ఆమెది నాయుడుపేట వైపు వరి పండించే ఇల్లు.

"అయితే ఆ నలుగురూ ఈదుకుంటా పోయి పట్టుకొచ్చినారా మేడమ్?"

పిల్లలు గొల్లుమన్నారు. పెంచల్ చప్పట్లు కొట్టాడు. అనూష కూడా నవ్వేసి, "సరే, మీ లెక్కే న్యాయం" అంటూ పదకొండు మందికీ రైటు కొట్టింది. వచ్చినవాళ్లను సంతోషపెట్టి పంపుదామని, స్వర్ణ రాసిన వ్యాసం తీసి తనే పైకి చదివింది.

"మా నాన్న చాలా తెలివైనవాడు. వాటాలు వేయకముందే పెద్ద వంజరం చేపలు ఏరి తడిగోనె కింద దాస్తాడు. అమ్మ వాటిని పులుసు పెడుతుంది. మా నాన్నంటే నాకు చాలా ఇష్టం."



"అన్నా, నువ్వు చెప్పిన లెక్కలో గోనె లేదే?" అన్నాడు పెంచల్. కోపంగా అన్నా బాగుండేది. మెల్లగా అన్నాడు.

ముత్యాలయ్యకు తల తీసేసినట్టయింది. ఏళ్ల తరబడి తనను నమ్మిన ముగ్గురి ముఖాలూ చూడలేకపోయాడు. బల్ల దగ్గర మురిసిపోతూ నిలబడ్డ కూతురి ముఖం అసలే చూడలేకపోయాడు.

"రేపట్నుంచి వాటాలు నువ్వే ఎయ్యి పెంచలూ" అని మాత్రం అనగలిగాడు.

ఇంటికి వెళ్లే దారిలో స్వర్ణ చెయ్యి పట్టుకుని అడిగింది.

"నాన్నా, నేనేమన్నా తప్పు రాసినానా?"

"లేదమ్మా. అంతా కరెక్టుగానే రాసినావు."

ముత్యాలయ్య సాయం లేకుండా స్వర్ణ చేసిన హోంవర్కు అదొక్కటే.