రెండో హీరో సంక్షేమ ఉపసంఘం

2019 నవంబరు రెండో శనివారం సాయంత్రం, కాల్గరీలో చంద్రకళ గారి బేస్‌మెంట్‌లో, పులిహోర, చికెన్ పకోడీ తిన్న తరువాత, మానవజాతి టీవీ చూసే పద్ధతికి ఒక రాజ్యాంగం ఏర్పడింది. అంతకు ముందు ఎవరికి తోచినట్టు వాళ్లు చూసేవారు. ఆ సాయంత్రం నుంచి కాల్గరీ తెలుగు కొరియన్ సీరియల్ వీక్షకుల సంఘం నియమావళి ప్రకారం చూస్తున్నారు.

ఆనందబాబుకి ఆ తేదీ గుర్తుండిపోవడానికి కారణం పకోడీలే. అడిగి మరీ రెండోసారి వేయించుకున్న ఆయన, పీఠిక చదువుతుండగానే సోఫాలో నిద్రపోయారు. లేచేసరికి ఆయన భార్య రూపవతి ఒక ఉపసంఘానికి అధ్యక్షురాలై ఉంది.

అదే రెండో హీరో సంక్షేమ ఉపసంఘం. కొరియన్ సీరియల్‌లో హీరోలు ఇద్దరుంటారు. మొదటివాడు కోటీశ్వరుడు, పొగరుబోతు. హీరోయిన్ మీద కాఫీ ఒలకబోసి పరిచయమవుతాడు. రెండోవాడు మంచివాడు. వానలో గొడుగు తెచ్చేదీ, జ్వరమొస్తే జావ కాచి ఇచ్చేదీ ఇతనే. ఇంత మంచివాడికి మళ్లీ సంక్షేమం ఎందుకో ఆనందబాబుకి ఎన్నడూ బోధపడలేదు. (కాకినాడలో ఎం.కామ్. ఫస్టు క్లాసులో పాసైన మనిషి. బోధపడనివాటిని గౌరవించడం అక్కడే నేర్చుకున్నారు.)

ఉపసంఘం పర్యవేక్షణలో ఉన్న ప్రధాన లబ్ధిదారుడు కూ తే-జిన్ అనే నటుడు. ఆయన సర్వీసు వివరాలు సంఘం కార్యదర్శి వీరభద్రం దగ్గర భద్రంగా ఉన్నాయి. వీరభద్రం వరంగల్‌లో ఎమ్మార్వో ఆఫీసులో పనిచేసి రిటైరై వచ్చినవాడు కాబట్టి, ఆ నటజీవితం కాగితం మీద ఇలా నడిచింది. కూ తే-జిన్ ఒక పోలీసు సీరియల్‌లో శవం కేడర్‌లో ఉద్యోగంలో చేరెను. విధి నిర్వహణలో కనురెప్ప కదిలినందుకు మందలింపు పొందెను. అటుపిమ్మట హీరో స్నేహితుడిగా, ఆపై రెండో హీరోగా పదోన్నతి పొందెను. మిలిటరీ సర్వీసుకు డెప్యుటేషన్ మీద వెళ్లి వచ్చి, ఒక చారిత్రక సీరియల్‌లో పెట్టుడు గడ్డంతో అదనపు బాధ్యతలు చేపట్టెను. మొదటి హీరోగా పదోన్నతి ఫైలు పెండింగులో ఉండెను.

ఈ సర్వీసును రూపవతి మొదటి నుంచి చివరిదాకా చూసింది. ఆనందబాబు ఆమె పక్కనే కూర్చుని, ప్రతి సీరియల్‌నూ మొదటి పది నిమిషాలు చూశారు. చమురు కంపెనీ ఆఫీసులో పగలంతా కాగితాలు సర్ది వచ్చిన మనిషికి గొడుగు సీను దాటి మెలకువగా ఉండడం సాధ్యమయ్యేది కాదు. ఆఖరి ఎపిసోడ్ నాడు మాత్రం ఆమె భుజం తట్టి లేపేది. ఆయన కళ్లు తెరవకుండానే అడిగేవారు.

“పెళ్లయిందా?”

“అయింది. లేచి మంచమ్మీద పడుకోండి.”

కుర్రాడు స్థిరపడ్డాడన్న సంతోషంతో ఆయన మంచం చేరేవారు.

రూపవతి పోయి రెండు శీతాకాలాలైంది. బేస్‌మెంట్‌లో హీటరు గాలి తగిలే మూలన ఆమె వాలుకుర్చీ, దాని మీద ఆమె మెరూన్ శాలువా అలాగే ఉన్నాయి. శనివారాలు ఆనందబాబు వెళ్లి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. ఆ వాలుకుర్చీ కోసం వెయిటింగ్ లిస్టులో చాలామంది ఉన్నారు. ఎడ్మంటన్ నుంచి మూడు గంటలు డ్రైవ్ చేసుకొచ్చే వర్షిణి, ఆమె రూమ్‌మేట్లు సహా. పదవి ఖాళీ అయితే కుర్చీ కూడా ఖాళీ అయినట్టేనని నియమావళి. ఇన్నాళ్లూ ఎవరూ ఆ పేజీ తిప్పలేదు. ఈ సంవత్సరం ఆడిట్ వచ్చింది. (ఆడిటరూ వీరభద్రమే.)

“మేం గా కుర్చీ జోలికి పోలే సార్ ఇన్ని రోజులు,” అన్నాడు వీరభద్రం, నేల చూస్తూ. “ఒక్కటే దారుంది. కారుణ్య నియామకం కింద అప్లై చెయ్యిన్రి.”

సర్వీసులో ఉండగా చనిపోయినవారి కుటుంబంలో ఒకరికి ఆ పదవి ఇవ్వవచ్చు. కనీస అర్హత ఉండాలి. అంటే కూ తే-జిన్ నటజీవితం మీద మౌఖిక పరీక్ష. ఆనందబాబు ఇంట్లో ఈ సంగతి చెబితే కూతురు హోప్ ఫోన్ మీంచి తలెత్తింది. “డాడీ, ఇట్స్ ఎ చెయిర్. వి హావ్ చెయిర్స్.” ఆయన కాదనలేదు. ఇంట్లో నిజంగానే కుర్చీలున్నాయి.

పరీక్ష డిసెంబరులో ఒక శనివారం జరిగింది. బయట మైనస్ ఇరవై ఆరు. ఆనందబాబు కోటు, టై వేసుకుని వెళ్లారు. సంఘం అధ్యక్షురాలి హోదాలో పరీక్ష బోర్డుకు అధ్యక్షత వహించిన చంద్రకళ పరీక్షకు ముందు అభ్యర్థికి గారె పెట్టడం నిబంధనలకు విరుద్ధమో కాదో కార్యదర్శిని అడిగి, ఆయన ఆలోచిస్తుండగా పెట్టేసింది.

మొదటి ప్రశ్న తొలి పాత్ర గురించి. శవమని చెప్పారు. ఏ కన్ను రెప్ప కదిలిందో కూడా చెప్పారు. తరువాత గొడుగుల మీద అడిగారు. ఏ సీరియల్‌లో ఏ రంగు గొడుగో, జావలో ఏం వేశాడో, హీరోయిన్ మీద కాఫీ ఎక్కడ ఒలికిందో తడుముకోకుండా చెప్పారు. మొదటి పది నిమిషాలకు సంబంధించి ఆయనను మించిన పండితుడు కెనడాలో లేడని బోర్డు గ్రహించింది. వర్షిణి చప్పట్లు కొట్టబోయి, ఆయన పాసైతే కుర్చీ తనకు దక్కదని గుర్తొచ్చి మానేసింది.

చివరిది తప్పనిసరి ప్రశ్న. దాన్ని రాసిపెట్టింది రూపవతే. చంద్రకళ కళ్లజోడు సర్దుకుని చదివింది. కూ తే-జిన్ ఇంతవరకు ఎన్ని సీరియళ్లలో హీరోయిన్‌ను పెళ్లాడాడు?

ఆనందబాబుకి నవ్వొచ్చింది. ఇంత సులువైన ప్రశ్న పెట్టి వెళ్లినందుకు మనసులో ఆమెకు కృతజ్ఞత చెప్పుకున్నారు.

“అన్నిట్లోనూ.”

వీరభద్రం మార్కుల కాగితం మీంచి పెన్ను తీశాడు.

“ఎవరు చెప్పిన్రు సార్ మీకు?” అన్నాడు వీరభద్రం మెల్లగా.

“మా ఆవిడే. ప్రతిసారీ అడిగేవాణ్ణి కదా.”

చంద్రకళ కాగితం మడతపెట్టింది. “అన్నయ్య గారూ,” అంది, “ఒక్కదాంట్లో కూడా అవలేదండి. ప్రతిసారీ ఆఖర్న చెయ్యూపి ఎయిర్‌పోర్టుకి వెళ్లిపోతాడు. అందుకే కదా వదిన ఈ ఉపసంఘం పెట్టింది.”

ఆనందబాబు టై వదులు చేసుకున్నారు. లేపినప్పుడల్లా ఆమె కళ్లు ఎర్రగా ఉండేవి. కాల్గరీ గాలి పొడిగా ఉంటుంది, మండుతాయి అనేది. ఆయన ఫార్మసీకి వెళ్లి కంట్లో వేసుకునే చుక్కలు తెచ్చి ఇచ్చేవారు. ఆమె వేసుకునేది కూడా.

“అయితే ఫెయిలేనా?” అన్నారు.

ఫెయిలుతో పోయేది కాదు. వీరభద్రం నియమావళి తిరగేశాడు. ముగింపు ముందుగా చెప్పడం చిన్న నేరం, మందలింపుతో సరి. ముగింపు తప్పుగా చెప్పడం పెద్ద నేరం, చెప్పిన క్షణం నుంచి సభ్యత్వం రద్దు. ఆ నిబంధనను ప్రతిపాదించింది కూడా రూపవతే. అంటే ఆమె ఏనాడో సభ్యురాలు కాకుండా పోయింది. సభ్యత్వమే లేనివారి వారసులకు కారుణ్య నియామకం వర్తించదు. ఇన్నేళ్లూ ఆ కుర్చీ అక్రమ ఆక్రమణలో ఉన్నట్టు.

వీరభద్రం ఆ పేజీలో వేలు ఉంచి, వెనకటి పేజీలు రెండుసార్లు తిప్పాడు. తరువాత గొంతు సవరించుకుని, ఆఫీసు గొంతుతో చెప్పాడు. ఆరోపణ వచ్చినంత మాత్రాన రద్దు చేయలేం. ముందుగా ఆమెకు నోటీసు ఇవ్వాలి. ఆమె నుంచి సంజాయిషీ రావాలి. వచ్చేవరకు యథాతథ స్థితి. కుర్చీ ఎవరికీ కేటాయించరాదు, శాలువా కదపరాదు. అంతవరకు ఆనందబాబు ఇన్‌ఛార్జి.

“సంజాయిషీ ఎప్పటికి రావచ్చు?” అని వర్షిణి అడిగింది.

“మా ఆఫీసుల గిసొంటివి మస్తు టైం పట్టేటివి బిడ్డా,” అన్నాడాయన.

తీర్మానం ఏకగ్రీవమైంది. వెయిటింగ్ లిస్టు తరఫున మొదట చెయ్యెత్తింది వర్షిణే. షరతు ఒకటే. ఆ సాయంత్రం ప్రదర్శించే ఆఖరి ఎపిసోడ్‌ను ఇన్‌ఛార్జి పూర్తిగా మెలకువతో చూసి, ముగింపును ఉపసంఘానికి నివేదించాలి. ఆనందబాబు ఒప్పుకున్నారు. పెద్ద కప్పు కాఫీ తాగి, మొదటిసారిగా ఆ వాలుకుర్చీలో కూర్చున్నారు. ఇప్పుడు కూ తే-జిన్ కణతల దగ్గర నెరిసింది. టైలరు పాత్ర. గొడుగు మాత్రం తెచ్చాడు. హీటరు గాలి వెచ్చగా మోకాళ్లకు తగిలింది. ఇన్నేళ్లూ ఆమె మంచి చోటే చూసుకుని కూర్చుందని ఆయనకు తృప్తి కలిగింది. ఆ తృప్తిలోనే పదో నిమిషం దాటింది.

ఎపిసోడ్ అయ్యాక ఎడ్మంటన్ వాళ్లు మంచుకు ముందే చేరాలని బయలుదేరారు. చంద్రకళ హోప్‌కు మెసేజ్ పెట్టి, మెరూన్ శాలువా తీసి ఆయనకు కప్పింది. (యథాతథ స్థితికి భంగం. కార్యదర్శి చూడలేదు, అటు తిరిగి ఉన్నాడు.) టీవీలో ముగింపు పేర్ల వెనకాల టైలరు ఇంకా సూట్‌కేసు లాక్కుంటూ ఎయిర్‌పోర్టులోకి నడుస్తున్నాడు.

ఆనందబాబు కళ్లు తెరవలేదు.

“పెళ్లయిందా?”

అధ్యక్షురాలు కార్యదర్శి వైపు చూసింది.

“అయిందండీ,” అంది. “పడుకోండి.”

“మంచిగ అయింది సార్,” అన్నాడు వీరభద్రం. “భోజనాలు గూడ పెట్టిన్రు.”

నియమావళి ప్రకారం ఆ క్షణంలో అధ్యక్షురాలి సభ్యత్వం, కార్యదర్శి సభ్యత్వం రెండూ రద్దయ్యాయి. నోటీసు ఇవ్వగల అధికారి ఇంకొక్కరే మిగిలారు, ఆయన నిద్రపోతున్నారు. మాజీ అధ్యక్షురాలు లైటు తీసేసి, బేస్‌మెంట్ తలుపు చప్పుడు కాకుండా వేసింది.