కూర తినని కమిటీ

ఒక పెద్ద అడవిలో, ఏరు రెండు పాయలుగా చీలే చోట, చింతతోపు అనే పేట ఉండేది. ఏ దిక్కు నుంచి వచ్చిన జంతువైనా ముందు అక్కడే దిగేది. దిగగానే అడిగే మొదటి మాట ఒక్కటే: "ఇక్కడ మంచి కూర ఎక్కడ దొరుకుతుంది?"

చెప్పడం పెద్ద కష్టమేమీ కాదు. రాజబాట పక్కన బంగ్లాదేశ్ మడ అడవుల నుంచి వచ్చిన నీటికుక్క జహనారా భోజనాల పాక నడిపేది. దాన్ని ఆనుకునే ఇండియా మన్యం కొండల నుంచి వచ్చిన ఎలుగుబంటి నూకరాజు పాక. రెంటికీ మధ్య గోడ ఒక్కటే. ఆ గోడకి అటూ ఇటూ నిలబడి ఇద్దరూ పొద్దస్తమానం దెబ్బలాడుకునేవారు.

"అరటిపువ్వు కూరకి ఆవ పెట్టడం మా తాతల నాటి విద్య," అనేవాడు నూకరాజు.

"మీ తాతకి ఆవాలు నూరడం నేర్పింది మా తాతే," అనేది జహనారా.

అంతలో ఎవరి పాకలో పచ్చిమిర్చి అయిపోయినా, తిట్టు ఆపకుండానే రెండోవారు గోడ మీంచి అందించేవారు. తినేవాళ్లు మాత్రం ఈ పూట ఇక్కడ, ఆ పూట అక్కడ తిని, చెయ్యి కడుక్కుని, తగువు తీర్చకుండానే వెళ్లిపోయేవారు.

ఇలా ఉండగా మండలి కార్యదర్శి నక్క భీమేశ్వరానికి వేలువిడిచిన మేనమామ ఒకడు ఊడిపడ్డాడు. దుమ్ములగొండి. పేరు జగ్గప్ప. వచ్చీరాగానే రాజబాట మొదట్లో 'మహా భోజనశాల' కట్టించాడు. ఏనుగు తల వంచకుండా వెళ్లగలిగే గుమ్మం, నెమలీకల విసనకర్రలు, తలపాగా కట్టిన కుందేళ్లు. అన్నీ ఉన్నాయి. తినేవాళ్లే లేరు.

వెంటనే నక్క మండలిలో లేచి నిలబడ్డాడు.

"అయ్యా, బాటసారులు తికమక పడుతున్నారు. ఏది ఇండియా కూర, ఏది బంగ్లాదేశ్ కూర, ఏది మంచి కూర, ఎవరికీ తెలియడం లేదు. కమిటీ వేద్దాం. కమిటీ ఎంచిన చోట 'మంచి కూర ఇక్కడే' అని బోర్డు పెడదాం. మిగతావాళ్లు రాజబాట ఖాళీ చెయ్యాలి."

"కమిటీలో ఎవరుంటారు?" అన్నారెవరో.

"నిష్పక్షపాతంగా ఉండేవాళ్లు. అంటే, ఎక్కడా కూర తినని వాళ్లు. తిన్నవాడికి అభిమానం పుడుతుంది. అభిమానం పుట్టిన చోట న్యాయం ఉండదు."

మాట చాలా గంభీరంగా ఉండడంతో అందరూ తల ఊపారు. అలా మేక తాయారమ్మ కమిటీకి అధ్యక్షురాలైంది.

తాయారమ్మ బడిపంతులమ్మగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి, అంటే మేక. పుట్టి బుద్ధెరిగాక పచ్చి ఆకు తప్ప ఏదీ ముట్టలేదు. మేకలపాలెంలో ఆమె నిష్ఠకి ఎంతో పేరు. సభ్యుడిగా కొంగని వేశారు. అతను పచ్చి చేప తప్ప తినడు, ఒంటికాలి మీద నిద్ర తప్ప వేరే పని చెయ్యడు. కార్యదర్శి ఎలాగూ నక్కే.

మెడలో పూలదండతో ఇంటికొచ్చిన తాయారమ్మకి ఎందుకో ఆకు సహించలేదు. ఎన్నేళ్లు పిల్లలకి చదువు చెప్పినా, జవాబు చదవకుండా మార్కులు వేసిన పాపాన పోలేదు తను. ఇప్పుడు చేస్తున్నది అదేగదా అనిపించింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, పేటంతా కునుకు తీస్తున్న వేళ, కొమ్ముల మీదుగా ముసుగు వేసుకుని జహనారా పాకలో దూరింది.

"ఏమ్మా, కూర అంటే..." అటూ ఇటూ చూసి ముసుగు ఇంకా కిందికి లాక్కుంది. "ఎవరి కూర?"

జహనారా నవ్వింది. "భయపడకండమ్మా. ఓటున్న ఏ జంతువునీ వండకూడదని మండలి చట్టం ఉందిగా."

"మరి చేపలో?"

"వాటికి ఇంకా ఓటు రాలేదు. మీకు అరటిపువ్వు కూర పెడతాను, కూర్చోండి."

మొదటి ముద్దకి తాయారమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవ ఘాటు ముక్కులోంచి నెత్తికెక్కింది. రెండో ముద్దకి ఘాటు వెనకాల కమ్మదనం తెలిసింది. మూడో ముద్దకి గడ్డం కూరలో పడిందని కూడా గమనించలేదు. ఇన్నేళ్లూ నేను నమిలిందేమిటి అనుకుంది. ముసుగు ఎప్పుడు జారిపోయిందో తెలియదు.

గోడ మీంచి నూకరాజు తొంగిచూశాడు. "ఆ కూరకే అలాగైపోతే ఎలాగమ్మా? నా పనసపొట్టు కూర కూడా రుచి చూసి ఎల్లండి!" ఒక దొన్నె దిగింది. అది కూడా ఖాళీ అయింది.

జహనారా ఆమెని అప్పటికే గుర్తుపట్టింది. చెయ్యి కడుక్కోవడానికి నీళ్లు పోస్తూ మెల్లగా అంది.

"మా ఊళ్లో ఏరు ఇల్లు పట్టుకుపోయిందమ్మా. పొయ్యి ఒక్కటే వీపున కట్టుకుని ఈదుకొచ్చాను. ఇంకోసారి మొయ్యలేక కాదు. అప్పుడు పొమ్మన్నది ఏరు. ఇప్పుడు మీరంటున్నారు."

తాయారమ్మ చెయ్యి తుడుచుకుని బయటపడింది. దారిలో నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. జహనారా కూర బాగుందని చెబితే, తిన్నట్టు తేలిపోతుంది, తన మాట చెల్లదు. మేకలపాలెంలో తలెత్తుకునే వీలుండదు. చెప్పకపోతే పదవి ఉంటుంది, దండలు ఉంటాయి, ఆ పొయ్యి మాత్రం ఉండదు. నక్క ఈ నియమం ఎందుకు పెట్టాడో అప్పుడు అర్థమైంది ఆమెకి. తెలిసినవాడు మాట్లాడకూడదు, మాట్లాడేవాడికి తెలియకూడదు.

తీర్పు రోజున పేటంతా రాజబాట మీదికి వచ్చేసింది. కొంగని లేపి అడిగారు. "అధ్యక్షురాలు ఏమంటే అదే," అని మళ్లీ కళ్లు మూశాడు.

తాయారమ్మ లేచింది.

"మంచి కూర జహనారా దగ్గరుంది. నూకరాజు దగ్గరా ఉంది. ఏది ఏ దేశానిదో నాకు తెలియదు. రెండూ బాగున్నాయి."

"మీకెలా తెలుసండీ?" అన్నాడు నక్క, ఎంతో మర్యాదగా.

"తిన్నాను."

మేకలన్నీ ఒక్కసారి "మే!" అన్నాయి. ఆమె చెల్లెలు ముఖం తిప్పేసుకుంది.

"చూశారా!" నక్క ముంగాళ్లు పైకెత్తాడు. "సాక్షాత్తూ అధ్యక్షురాలే పక్షపాతి! ఆవిడ మాట చెల్లదు."

"చెల్లకపోతే పోనీ," అంది తాయారమ్మ. దుమ్ములగొండి వైపు తిరిగింది. "జగ్గప్పగారూ, మీ భోజనశాలలో కూర ఎలా ఉంటుందో మీరు చెప్పండి."

జగ్గప్ప బుర్ర గోక్కున్నాడు. "నన్నడిగితే ఎలాగండీ? నేను రెండు పూటలా నూకరాజు దగ్గరే తింటాను."

పేటంతా గొల్లుమంది. వేరే ఎవరైనా అయితే అక్కడితో తోక ముడిచేవాడే. నక్క అలాంటివాడు కాదు.

"విన్నారా? ఆ హోటల్లో యజమాని కూడా ఇంతవరకూ ముద్ద ముట్టలేదు! ఇంతకన్నా నిష్పక్షపాతంగా నడిచే భోజనశాల ఈ అడవిలో ఉందా? దాని మీద అభిమానం ఉన్నవాడు ఒక్కడు లేడు. కాబట్టి దాని గురించి న్యాయంగా మాట్లాడే అర్హత అందరికీ ఉంది!"

వాదనలో లోపం ఎక్కడుందో వెతుక్కునేలోగా చప్పట్లు పడిపోయాయి. బోర్డు జగ్గప్పకి వచ్చింది. తాయారమ్మ పదవి పోయింది. జహనారా పొయ్యిని వీపున కట్టుకుంది. నూకరాజు దాన్ని విప్పి తన వీపున వేసుకుని, "ఆవ మాత్రం మా తాతలదే," అన్నాడు. ఇద్దరూ భోజనశాలకి ఎదురుగా ఉన్న ఇరుకు సందులోకి మారి, అక్కడా మధ్యలో గోడ పెట్టుకున్నారు.

బోర్డు మాత్రం ఘనంగా లేచింది. ఏటి అవతలి ఒడ్డుకి కూడా కనిపించేటంత ఎత్తు. బాటసారులు విరగబడి వచ్చారు. జగ్గప్పకి మొదటిసారిగా వంట చెయ్యాల్సిన అవసరం పడింది. మొదటి రోజు తిన్న ఏనుగు రెండో రోజు ఏటి ఒడ్డు వదల్లేదు. గుర్రం కడుపు పట్టుకుని బోర్డు స్తంభాన్నే తన్నింది. మృగరాజు పంపిన అధికారి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మింగాలో ఉమ్మాలో తేల్చుకోలేక, పై అధికారులకి రాసి అడిగాడు.

పేటవాళ్లకి దారి చెప్పడం బహు తేలికైపోయింది. ఎవరు వచ్చి మంచి కూర ఎక్కడ అని అడిగినా, "ఆ పెద్ద బోర్డు కనిపిస్తోందా? దాని కిందకి వెళ్లు. దానికి వీపు పెట్టి నిలబడు. ఎదురుగా ఉన్న సందులోకి పో," అనేవారు. ఇదివరకు ఒకరో ఇద్దరో దారి తప్పేవారు. ఇప్పుడు దూరదేశపు వలస పక్షులు కూడా తిన్నగా సందులోకే దిగుతున్నాయి. సందు చాలక గోడ కొట్టేసి రెండు పాకలూ ఒకటి చేశారు. ఇప్పుడు దెబ్బలాట ఎదురెదురుగా, ఇంకా హాయిగా సాగుతోంది.

నక్క బోర్డు పీకించాలని చూశాడు. కుదరలేదు. నియమం ప్రకారం దాని మీద తీర్పు చెప్పాల్సినవాళ్లు ఆ బోర్డు చదవనివాళ్లయి ఉండాలి. అంత పెద్ద బోర్డు చదవనివాళ్లు అడవి మొత్తంలో దొరకలేదు. కొంగ ఉన్నాడు గానీ, లేవడం లేదు.

తాయారమ్మని మేకలపాలెంలో కొన్నాళ్లు ఎవరూ పలకరించలేదు. ఆమె ముసుగు లేకుండా, పట్టపగలు, సందు మొదట్లో కూర్చుని తినేది. ఒక మధ్యాహ్నం ఎవరో పక్కన వచ్చి కూర్చున్నారు. చూస్తే చెల్లెలు. కొమ్ముల మీదుగా ముసుగు.

"ఏది బాగుంటుందక్కా?" అంది, తలెత్తకుండా.

తాయారమ్మ తన విస్తరాకు ఆమె వైపు జరిపింది.

నీతి: మంచి కూర ఎక్కడుందో సర్కారు ఎప్పుడూ సరిగ్గానే చూపిస్తుంది, చూసేవాడే అటు వీపు పెట్టి నిలబడాలి.