కర్రపొట్టు కుప్పకు జ్వరం

సరుగుడుపేట మునిసిపాలిటీ వారి కర్రపొట్టు కుప్పకు జ్వరం వచ్చింది. పెద్దాసుపత్రి జ్వరాల వార్డులో ఏడో నంబరు మంచం ఆ పూట ఖాళీగానే ఉండడం వల్ల అడ్మిషన్‌కి ఏ ఇబ్బందీ కలగలేదు. కుప్ప ఆసుపత్రికి రాలేదు కాబట్టి మంచమే కుప్ప దగ్గరికి వెళ్ళింది. ఇద్దరు వార్డుబాయిలు దాన్ని రిక్షా మీద తెచ్చి, మంచం కోళ్ళు రెండు కుప్ప అంచులోకి దూర్చి, తలగడ సర్ది వెళ్ళిపోయారు. దాంతో రోగి మంచం మీద ఉన్నట్టే లెక్క.

అసలీ కుప్ప తుఫాను కన్న బిడ్డ. గాలివాన ఊళ్ళో సరుగుడనక, జీడిమామిడనక చెట్లన్నిటినీ పడగొట్టి పోతే, మునిసిపాలిటీ ఒక యంత్రాన్ని తెప్పించి, పడిన చెట్టునల్లా దాని నోట్లో పెట్టించింది. ఆకూ బెరడూ కొమ్మా కలిసి ఇంతింత ముక్కలై, పొట్టై అవతల పడ్డాయి. పార్కుల్లో మొక్కల మొదళ్ళకి పరిస్తే నేల తడి ఆరదు, కలుపు మొలవదు. అంతా బాగానే ఉంది గానీ ఊళ్ళో పార్కులే ఇంకా మంజూరు కాలేదు. అయ్యేదాకా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అని, రొంగలి అప్పలసూరి టెంట్ హౌస్ పక్క ఖాళీ జాగాలో పోశారు. పోస్తూనే ఉన్నారు. వానలు వెళ్ళేసరికి అది అప్పలసూరి మేడ కంటే ఎత్తుకి పెరిగి, సాయంత్రం ఎండని అతని వాకిట్లోకి రానివ్వడం మానేసింది.

అప్పలసూరి సంగతి కొంచెం చెప్పాలి. ఆ ఊళ్ళో పెళ్ళికైనా, పెద్దకర్మకైనా షామియానా వేసేది అతనే. కింద గోడౌను, పైన కాపురం. గోడౌను నిండా షామియానాలు, తివాచీలు, పరుపులు, టార్పాలిన్లు, అతను పెళ్ళయిన నాటి నుంచీ ఒక్కొక్కటే కూడబెట్టిన ఆస్తి. అంతకు మించి అతనికి భూమీ పుట్రా ఏమీ లేవు. మనిషి మాత్రం మహా మెతక. ఎవరు పిలిచినా ముందు "ఆఁ" అని పలికి, ఎందుకు పిలిచారో తర్వాత కనుక్కునే రకం.

ఒక పొద్దున్న కుప్ప కొసన ఆవిరి లేస్తుంటే, పారిశుద్ధ్య కార్మికుడొకడు మోచేతి దాకా చెయ్యి దూర్చి "అమ్మోయ్" అని లాక్కున్నాడు. కమిషనరుగారు వెంటనే అగ్నిమాపక కేంద్రానికి కబురు పెట్టారు. ఫైర్ ఆఫీసరు పట్నాయక్ గంట కొట్టుకుంటూ వచ్చి, కుప్ప చుట్టూ ఓ ప్రదక్షిణం చేశాడు.

"మంట ఉందా?"

"లేదండి. వేడుంది."

"మంట కనబడితే మాది. ఒట్టి వేడి అయితే ఆరోగ్యశాఖది. ఇంకొకళ్ళ పేషెంటుని నేను ముట్టుకోకూడదు," అని, వచ్చిన దారినే గంట కొట్టకుండా వెళ్ళిపోయాడు. మాటలో తప్పు పట్టడానికేం లేదు.

అలా కుప్ప ఆసుపత్రి పాలైంది. అడ్మిషన్ నాడు ఊరంతా చుట్టూ మూగి ఉండగా సిస్టర్ ఎస్తేరు గొంతెత్తి, "కుప్ప తాలూకు ఎవరండీ?" అని కేకేసింది. తాలూకు మనిషి లేకుండా సర్కారు ఆసుపత్రిలో దూది కూడా ఇవ్వరు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోడౌను తలుపు తీస్తున్న అప్పలసూరి, తననే పిలిచారనుకుని, "ఆఁ" అన్నాడు. ఇంకేముంది! తేరుకునేలోగా అతని చేతిలో అటెండరు పాసు ఉంది.

డాక్టర్ హేమనళిని వచ్చి, కుప్ప నడుములో థర్మామీటరు గుచ్చి, తీసి చూసి, పెదవి విరిచింది. "లోపల తడి పొట్టు కుళ్ళుతోంది. కుళ్ళుతుంటే వేడి పుడుతుంది. ఇంత గుట్టగా ఉంటే ఆ వేడి బయటికి పోయే దారి లేదు. అలా పెరిగి పెరిగి ఒకరోజు దానంతటదే అంటుకుంటుంది. వైద్యం పెద్దదేం కాదు. కుప్పని విడగొట్టి, చిన్న చిన్న కుప్పలుగా చేసి, గాలి తగలనివ్వాలి. మీ గోడకి దూరంగా."

"విడగొట్టడమంటే ఆపరేషనే కదండీ," అంది ఎస్తేరు. "తాలూకు సంతకం కావాలి."

అందరూ అప్పలసూరి వైపు చూశారు. అతను పెళ్ళాం పైడితల్లి వైపు చూశాడు.

"ఓలమ్మో!" అని ఆవిడ బుగ్గన వేలేసుకుంది. "జొరమొచ్చినోల్ని ఎవులైనా ముక్కలు సేస్తారేటి? దుప్పటి కప్పితే సెమటట్టి అదే దిగిపోద్ది."

ఔనౌనన్నారు అందరూ. ఆ ఊళ్ళో పుట్టినవాడల్లా జ్వరమొస్తే దుప్పటి కిందే పెరిగినవాడు. డాక్టరమ్మ కూడా ఆ ఊరి పిల్లే కావడం వల్ల, వాళ్ళ నాయనమ్మ కప్పిన బొంత గుర్తొచ్చి, ఒక్క క్షణం మాట తడబడింది. ఆ క్షణం చాలు. అప్పలసూరి గోడౌనులోంచి పెద్ద టార్పాలిన్లు తెచ్చి కుప్పని మెడ దాకా కప్పాడు.

మర్నాడు టార్పాలిన్ ఎత్తి చూస్తే కింద నీటి బొట్లు! చెమట పట్టిందని ఊరంతా సంబరపడిపోయింది. వేడి మాత్రం ఇంకాస్త పెరిగింది. దిగే ముందు అలాగే ఎక్కుతుందని పెద్దలు ధైర్యం చెప్పారు. నుదుటి మీద తడిగుడ్డ వెయ్యాలని ఎవరో అంటే, మునిసిపల్ ట్యాంకరు వచ్చి కొస మీద నీళ్ళు పోసింది. "అయ్యా, పైపైన తడిపితే లోపల ఇంకా కుళ్ళుతుంది," అని డాక్టరమ్మ మొత్తుకుంది. జ్వరంలో ఒళ్ళునొప్పులుంటాయి కదా అని కమిషనరుగారు బుల్‌డోజరు పంపించారు. డ్రైవరు మంచివాడు. కుప్ప మీదికి ఎక్కీ దిగీ, ఎక్కీ దిగీ, నెమ్మదిగా ఒళ్ళంతా తొక్కి పెట్టాడు. లోపల గాలి ఆడే సందు ఒక్కటి ఉంటే ఒట్టు.

ఇక పరామర్శకి వచ్చేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. బత్తాయిలు, రొట్టెలు పట్టుకుని కుటుంబాలతో వచ్చి, కుప్ప ఎక్కి కూర్చుని, తమకి ఎప్పుడెప్పుడు ఏయే జ్వరాలొచ్చాయో చెప్పుకునేవారు. చలికాలం కావడంతో ఆ వెచ్చదనం వదిలి ఎవరికీ లేవబుద్ధి కాలేదు. పక్కన పెట్టిన రొట్టె కరకరలాడుతోందని పిల్లలు కేరింతలు కొట్టారు. అంతమంది ఒకచోట నవ్వుతూ కూర్చోవడం ఆ ఊళ్ళో తుఫాను తర్వాత అదే మొదలు.

అప్పలసూరికి ఎన్నడూ లేని గౌరవం వచ్చిపడింది. షామియానా గుంజలు పాతేవాణ్ణి అంతకుముందు ఎవరూ కూర్చోమన్న పాపాన పోలేదు. ఇప్పుడు టీకొట్టు దగ్గర బల్ల ఖాళీ చేసి, "ఎలాగున్నాది బావూ మన కుప్పకి?" అని అడుగుతున్నారు. "రాత్రి కొంచెం నిద్రట్టినాది," అని అతను చెబుతుంటే నలుగురూ నిట్టూరుస్తున్నారు. అబద్ధమెందుకు, అతనికి అది బాగానే ఉంది.

అయితే ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ అతన్ని పక్కకి పిలిచింది. "అప్పలసూరిగారూ, మా థర్మామీటరు నూటెనిమిది దాకానే చూపిస్తుంది. అక్కడికి చేరి ఆగిపోయింది. 'పరిస్థితి నిలకడగా ఉంది' అని పైవాళ్ళు ప్రకటన రాయించారు. నిలకడగా ఉన్నది థర్మామీటరు, కుప్ప కాదు. అంటుకుంటే మొట్టమొదట పోయేది మీ గోడౌనే. బతిమాలుతున్నాను, సంతకం పెట్టండి."

ఇంటికొచ్చేసరికి పైడితల్లి వంటింటి గోడకి అప్పడాలు ఆనించి ఆరబెడుతోంది. "గోడ సూడయ్యా, ఎంత ఏడిగున్నాదో. ఎండతో పని నేదు," అంది మురిసిపోతూ. అప్పలసూరి గోడ మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కింద గోడౌనులో ఉన్న తన షామియానాలన్నీ కళ్ళ ముందు కదిలాయి. భయమేసింది. చెప్పులు కూడా తొడుక్కోకుండా కుప్ప దగ్గరికి పరిగెత్తాడు.

కుప్ప మీద కమిషనరుగారు, బడి పిల్లలు, సగం ఊరు ఉన్నారు. పిల్లలు రోగి కోలుకోవాలని పాట పాడుతున్నారు. అప్పలసూరి కలం తీసి, సంతకం పెడతానన్నాడు. పాట ఆగిపోయింది.

"మీ ఇష్టం," అన్నారు కమిషనరుగారు మెత్తగా. "మీరు తాలూకు. కాదనడానికి మేమెవరం? రేపేదైనా అయితే మాత్రం, నిక్షేపంలాంటి కుప్పని కోయించింది ఎవరని జనం అడుగుతారు."

టీకొట్టు నాయుడు తల దించుకున్నాడు. అతనికి బల్ల ఖాళీ చేసి ఇచ్చే నాయుడే. ఒక పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. నలుగురితో నారాయణా అనుకుని, అప్పలసూరి కలం జేబులో పెట్టుకున్నాడు. "రేప్పొద్దున్న పెడతానండి," అన్నాడు. పాట మళ్ళీ మొదలైంది.

మర్నాడు అన్నాల వేళకి కుప్ప నడుములోంచి మంట తల బయటపెట్టింది. పట్నాయక్ ఈసారి నవ్వు మొహంతో, గంట గట్టిగా కొట్టుకుంటూ వచ్చాడు. "ఆఁ, ఇప్పుడు మాది!" అన్నాడు. గొట్టాలు విప్పించి, పట్టించి, అంతలో ఆగిపోయాడు. "పేషెంటు ఇంకా వార్డులోనే ఉన్నాడే! డిశ్చార్జి చెయ్యకుండా నీళ్ళు కొడితే రేపు నన్ను తింటారు."

డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చి నిలబడే సంతకం చేసింది. "తాలూకు కూడా పెట్టాలండీ," అంది ఎస్తేరు. అప్పలసూరి పేరు రాస్తుంటే, గాలి సముద్రం వైపు నుంచి తిరిగింది. ఇంటిపేరు పూర్తయ్యేసరికి గోడౌను కిటికీ అంటుకుంది. అతను కలం విసిరేసి, మేడ మెట్లెక్కి, "పైడీ, పైడీ" అని అరుస్తూ పెళ్ళాన్ని లాక్కొచ్చాడు. ఆవిడ చంకలో ఒక్క బొంత ఉంది. ఇంకేం దక్కలేదు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడని సామెత. ఆ రోజు నిజంగానే ఒకాయన వచ్చి అడిగాడు, పట్నాయక్ అతనికి డిపార్టుమెంటు అనుమతి లేదని చెప్పాడు.

అప్పలసూరి రోడ్డు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఊరంతా చుట్టూ చేరి ఓదార్చింది. "ఊరుకో బావూ. ఆకరి దాకా నువ్వు సూసినట్టు సొంత కొడుకైనా సూడడు," అన్నాడు నాయుడు. కుప్ప కోసమే ఏడుస్తున్నాడని అందరూ అనుకున్నారు. అంతమంది అంత ప్రేమగా అనేసరికి, కాసేపటికి అతనూ అలాగే అనుకున్నాడు. ఆ సాయంత్రం ఆసుపత్రి ప్రకటన వచ్చింది: జ్వరం పూర్తిగా తగ్గింది. ఏడో నంబరు మంచాన్ని కడిగి వార్డులో వేశారు. ఆ రాత్రి దానిమీద పడుకున్న మలేరియా రోగి, మంచం వెచ్చగా భలే ఉందన్నాడట.

పై నుంచి విచారణ సంఘం వచ్చింది. అందరినీ అడిగింది. డాక్టరమ్మ చెప్పింది కూడా ఓపిగ్గా విని, ఆవిణ్ణి వేరే ఊరికి బదిలీ చేసింది. కప్పిన టార్పాలిన్లు చాలలేదని, తొక్కడం ఇంకొంచెం శ్రద్ధగా జరగవలసిందని తేల్చింది. అప్పలసూరి సేవకి ఒక శాలువా కూడా కప్పారు. అద్దె పాకలో పైడితల్లి దాన్ని తలుపుకి తెరగా కట్టుకుంది.

మళ్ళీ తుఫాను వచ్చింది. మళ్ళీ యంత్రం వచ్చింది. టెంట్ హౌస్ ఉన్న చోటు కూడా ఖాళీ అయింది కాబట్టి ఈసారి జాగా విశాలంగా దొరికింది, కుప్ప ఇంకా ఎత్తుగా వేశారు, అప్పలసూరి అద్దె పాకని ఆనుకునేదాకా. ఒక చలి పొద్దున్న దాని కొసన ఆవిరి లేచింది. ఊళ్ళోవాళ్ళు బత్తాయిలు కొనుక్కుని బయల్దేరారు. వార్డుబాయిలు ఏడో నంబరు మంచం రిక్షా మీద తెచ్చారు.

"కుప్ప తాలూకు ఎవరండీ?" అని కేకేసింది సిస్టర్ ఎస్తేరు.

ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నవ్వుతూ అప్పలసూరికి దారి ఇచ్చారు. అతను "ఆఁ" అన్నాడు. ఈసారి పిలిచింది ఎందుకో తెలిసే అన్నాడు. పైడితల్లి పాకలోకి వెళ్ళి, ఆ మంటల్లోంచి దక్కిన ఒక్క బొంతనీ తెచ్చి అతని చేతికిచ్చింది.

"కిందటి మాటు సరిగ్గా కప్పనేదు," అంది. "ఈ మాటు అంచులు కూడా దోపు."

అతను వంగి, అంచులు జాగ్రత్తగా దోపాడు.