వసుమతికి నెల తప్పిన సంగతి

అబిడ్స్ వెనక గల్లీలో కాపురముండే వసుమతి, ఆ పొద్దున వంట ముగించుకొని నాంపల్లిలోని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి రావాలనుకుంది. వయసు యాభైకి దగ్గరపడింది. నెలసరి ఆగి ఏడాది కావస్తోంది. అప్పటినుంచి ఉన్నట్టుండి ఒంట్లో సెగలు, ఎడతెగని దాహం. తిండి పెరగకపోయినా నడుము పెరిగి రవికలు పట్టడం లేదు.

గడప దాటుతుండగా పక్కింటి విద్యావతి ఎదురైంది.

"ఎటు వదినా?"

"డాక్టరమ్మ కాడికి. నెలసరి ఆగింది, నడుము లావైతున్నది..."

మిగతాది విద్యావతి వినలేదు. "అయ్యో, గీ వయసులనా!" అంటూ లోపలికి పరుగెత్తి వసుమతి అత్తగారు సౌభాగ్యమ్మ చెవిన వేసింది.

సౌభాగ్యమ్మ కోడలిని వెనక్కి లాగి కూర్చోబెట్టింది. "టాంగా కుదుపులు నీకు పనికిరావు."

"అది కాదత్తమ్మా, ముట్లుడిగినయి!"

"సిగ్గువడకు బిడ్డా."

గల్లీలోని ఆడవాళ్ళంతా లడ్డూలు, బాలూషాయీలు పట్టుకొచ్చారు. వసుమతి కాదన్నప్పుడల్లా నోట్లో ఇంకో లడ్డూ పడింది.

మధ్యాహ్నానికి కబురు భర్త విద్యాసాగర్ పనిచేసే కచేరీకి చేరింది. తోటి గుమాస్తాలు ముబారక్ చెప్పేసరికి ఆయన ముఖం ఎర్రగా చేసుకొని ఇంటికొచ్చాడు.

"అల్లుణ్ణి తెచ్చుకున్నంక గిదేంది? నాకొక్క మాట చెప్పొద్దా?"

"మీకు తెల్వకుండ ఎట్లయితది? జర సోంచాయించున్రి!"

విద్యాసాగర్ సోంచాయించాడు. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకొని, తల వంచుకొని కచేరీకి తిరిగిపోయాడు.

వసుమతి ఒళ్ళు మండిపోయి నడుచుకుంటూ నాంపల్లి దారి పట్టింది. పడిపోతుందేమోనని ఆడవాళ్ళంతా వెంటబడ్డారు.

డాక్టరమ్మ, వసుమతి మూత్రంలో నీలిరంగు మందు కలిపి గాజుగొట్టంలో కాచింది. అది ఇటుకరంగుకు తిరిగింది.

"కడుపు కాదు, చక్కెర జబ్బు. ముట్లుడిగినంక చాలమందికి కొవ్వు నడుముకు చేరుతది, కొందరికి చక్కెర గూడ వస్తది. మొదట్లనే వచ్చి మంచిపని చేసినవ్. మిఠాయి బంద్, అన్నం తగ్గించు, రోజూ నడువు. ఇయ్యాల లడ్డూలు గిట్ల తిన్నవా?"

"తినలే. తినిపించిన్రు," అంది వసుమతి వెనక్కి చూస్తూ.

 వెనకాల నిలబడ్డ విద్యావతి కొంగు నలుపుకుంటూ ముందుకొచ్చింది. "డాక్టరమ్మా, నాకు గూడ నిరుటి సంది నెలసరి లేదు. ఎన్ని నీళ్ళు తాగినా దూప ఆగుతలేదు. ఎవలకు చెప్తే ఏమంటరోనని..."

"నాకూ అంతే," అంది ఇంకొకామె. ఆ వెనకామె కూడా తల ఊపింది.

పొద్దుటినుంచి తిట్టాలని దాచుకున్న మాటలన్నీ వసుమతికి నోటిదాకా వచ్చాయి. విద్యావతి కళ్ళలో నీళ్ళు చూసి మింగేసింది. "రేపు అందరం కలిసి వద్దాం. నడిచే వద్దాం," అంది.

మర్నాడు పొద్దున గల్లీలోని మగవాళ్ళందరూ చాయ్‌పత్తా డబ్బా ఎక్కడుంటుందో వెతుక్కున్నారు.