మంత్రి గారి బొమ్మ కింది నెంబరు

శుభవార్త వచ్చేసరికి ఇష్తియాక్ క్యారేజీలో మూడో గిన్నె మూత తీస్తున్నాడు.

పై గిన్నెలో అన్నం, రెండో దాంట్లో కూర ఉంటాయని ఆఫీసులో అందరికీ తెలుసు. మూడో దాంట్లో ఏముంటుందో జుబియాకు మాత్రమే తెలుసు. పెళ్లయి పది రోజులైంది. నిన్న రెండు కాజాలు పెట్టింది. మొన్న చిటికెడు సోంపు. అంతకుముందు రోజు ఏమీ పెట్టలేదు. ఇంటికెళ్లి అడిగితే, "ఖాళీగా ఉంటే నా గురించి ఆలోచిస్తారనండీ" అంది. ఆ ఖాళీ గిన్నె రుచి ఇష్తియాక్ నోట్లో ఇంకా ఉంది.

ఆ రోజు గిన్నెలో కోవా బిళ్ల ఉంది. దాన్ని కొరకబోతుండగా కంప్యూటరుకు మెయిల్ వచ్చింది.

అది రెండు వేల ఆరు, శ్రావణ మాసం. ఇష్తియాక్ విజయవాడలో చేనేత నవీకరణ సంస్థ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. మెయిల్ పంపింది బెంగళూరులోని లాప్‌టాప్ కంపెనీ. సంస్థ కిందటేడు కొన్న నలభై లాప్‌టాప్‌ల బ్యాటరీల్లో తయారీ లోపం ఉందట. చార్జింగు పెడితే వేడెక్కి అంటుకోవచ్చట. వెంటనే వాడకం ఆపి, ప్రతి బ్యాటరీ అడుగున ఉన్న నెంబరు రాసి పంపితే కొత్త బ్యాటరీలు ఉచితంగా పంపిస్తారట. పాతవాటిని వాళ్లే వచ్చి తీసుకెళ్తారట.

ఇష్తియాక్ ఆ మెయిల్‌ను ప్రింటు తీసి పట్టుకుని ఆఫీసరు ఉమామహేశ్ గారి దగ్గరికి పరిగెత్తాడు. ఉమామహేశ్ గారు చదవడం మొదలుపెట్టి 'ఉచితంగా' అన్న మాట దగ్గర ఆగిపోయారు. ఆయన దూరదృష్టి అలాంటిది. సాయంత్రానికల్లా పత్రికలకు ప్రకటన వెళ్లిపోయింది: 'చేనేత సంఘాలకు మంత్రి వెంకటకృష్ణారావు గారి శ్రావణ కానుక. నలభై కొత్త బ్యాటరీల మంజూరు.'

"సార్, లోపం సంగతి రాయలేదండీ," అన్నాడు ఇష్తియాక్.

"ఆ లాప్‌టాప్‌లు పంచిందెవరయ్యా?"

"మంత్రి గారండీ."

"మంత్రి గారు లోపం ఉన్నవి పంచుతారా?"

"పంచరండీ."

"మరి ఎందుకు మారుస్తున్నట్టు?"

సమాధానం ఉమామహేశ్ గారి దగ్గరే ఉంది. 'ఏడాదిగా అహోరాత్రులు శ్రమించిన బ్యాటరీలకు విశ్రాంతి కల్పించే నిమిత్తం' అని ఆయనే స్వయంగా రాశారు.

"నలభై నెంబర్లు. ఎంత సేపటి పని? పంపించేసి సెలవు తీసుకో," అన్నారు.

సెలవు అన్న మాట వినగానే ఇష్తియాక్‌కు ఆఫీసు సీలింగ్ ఫ్యాను కూడా అందంగా కనిపించింది. పెళ్లికి అతనికి దొరికింది మూడు రోజులే. నిఖా అయ్యాక ఐదు శుక్రవారాలు అల్లుణ్ణీ కూతుర్నీ పిలిచి అత్తవారింట్లో విందు చేస్తారు. దాన్నే జుమాగీ అంటారు. బందరులో బట్టల కొట్టు నడిపే మామగారు రహమతుల్లా మొదటి జుమాగీకి పొట్టేలును కోయించాడు. అల్లుడు ఆఫీసులో ఉండిపోయాడు. జుబియా ఒక్కతే వెళ్లి, తిని, ఏడ్చి, కొంచెం మూటగట్టుకుని వచ్చింది.

సంఘాల నుంచి లాప్‌టాప్‌లు రావడం మొదలైంది. పెడన పక్కనున్న ఒక సంఘం అధ్యక్షుడు చౌడయ్య తమ లాప్‌టాప్‌ను కొత్త తువ్వాలులో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. మూత అంచున కంపెనీ వేసిన సీలు టేపు ఇంకా చిరగలేదు.

"బాగా వాడుతున్నారా చౌడయ్య గారూ?"

"వాడకేం బాబూ? శుక్రవారం శుక్రవారం బొట్టు పెడతన్నాం."

"తెరిచి చూశారా?"

"తెరిస్తే పాడైపోదూ?"

ఇష్తియాక్ లాప్‌టాప్‌ను తిరగేశాడు. నెంబరు లేదు. నెంబరు ఉండాల్సిన చోట మంత్రి గారు నవ్వుతున్నారు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. పంపిణీ సభకు ముందు మూత మీద పార్టీ పెద్దాయన బొమ్మ ఉండాలని హైదరాబాదు నుంచి ఉత్తర్వు వచ్చింది. లోపల అక్షరాలున్నాయి. మంత్రి గారికి మిగిలింది అడుగు భాగం. అక్కడ నున్నగా, చదరంగా, తెల్లగా ఉన్న చోటు ఒక్కటే, బ్యాటరీ నెంబరు రాసి ఉన్న చోటు. స్టిక్కరు 'మంత్రి గారి పదవీకాలం ముగిసిన తరువాత కూడా ఊడరాదు' అని టెండరులో ఒక షరతు పెట్టారు. ప్రభుత్వ టెండరులోని షరతును కాంట్రాక్టరు అక్షరాలా పాటించడం ఆ జిల్లాలో అదే మొదటిసారి.

ఇష్తియాక్ గోటితో గీరాడు. మంత్రి గారి ఎడమ చెవి కాస్త లేచింది.

"చెయ్యి తియ్!" అని అరిచారు ఉమామహేశ్ గారు. తలుపు దగ్గరకు వెళ్లి బయటికి తొంగిచూసి వచ్చారు. "ఎవరైనా చూశారా?"

"నేను చూశానండి," అన్నాడు చౌడయ్య.

ఉమామహేశ్ గారు చౌడయ్యకు టీ తెప్పించారు. లేచిన చెవిని బొటనవేలితో నొక్కిపట్టి మెల్లగా అన్నారు: "నీకు బుద్ధుందా ఇష్తియాక్? మంత్రివర్గంలో మార్పులని పేపర్లో రోజూ వస్తోంది. ఇప్పుడు మంత్రి గారి మొహం పీకామని తెలిస్తే నేనెక్కడుంటాను?"

"పర్మిషన్ అడుగుదామండీ."

"అడుగు. సబ్జెక్టు ఏమని రాస్తావు?"

ఇష్తియాక్ రాశాడు: 'గౌరవ మంత్రి గారిని తొలగించుట గురించి.' ఇద్దరూ ఆ వాక్యాన్ని కాసేపు చూసి, కాగితాన్ని టీ గ్లాసులో ముంచారు.

తర్వాత ఇష్తియాక్ కంపెనీ వాళ్లకు ఫోన్ చేశాడు. బెంగళూరు నుంచి ఒకమ్మాయి తీయగా మాట్లాడింది.

"స్టిక్కరు తీసేయండి సార్."

"తీయకూడదమ్మా. ఆయన మంత్రి."

"ఏ మోడల్ సార్?"

ఉమామహేశ్ గారు నిరాశపడే మనిషి కాదు. ఒక లాప్‌టాప్‌ను గవర్నరుపేటలో తెలిసిన ఎక్స్‌రే సెంటరుకు పంపారు. ఎముకలేవీ విరగలేదని రిపోర్టు వచ్చింది.

ఈలోగా రెండో జుమాగీ, మూడో జుమాగీ వెళ్లిపోయాయి. నాలుగో శుక్రవారం రాత్రి రహమతుల్లా ఫోన్ చేశాడు.

"ఇవాళ మీ ఫోటో పెట్టి వడ్డించాం అల్లుడు గారూ. అందరూ బాగా తిన్నారు. ఆఖరిది పై శుక్రవారం. మీరొస్తారా? ఫోటో పెద్దది చేయించమంటారా?"

ఇష్తియాక్ సిగ్గుతో చచ్చిపోయాడు. జుబియా ముందు నవ్వింది. తర్వాత, "ఈసారి కూడా ఒక్కదాన్నే వెళ్లనండీ," అంది.

అప్పటికి ఆ నలభై లాప్‌టాప్‌లూ వాళ్ల గదిలోనే ఉన్నాయి. వానకు ఆఫీసు కప్పు కారుతోందని ఉమామహేశ్ గారు వాటిని గుణదలలో ఇష్తియాక్ అద్దెకుంటున్న మేడగదికి పంపించారు. ఒక మంచం, ఒక కిటికీ, ఒక ప్లగ్గు ఉన్న గది అది. లాప్‌టాప్‌లు మంచం కింద పట్టగా మిగిలినవి గోడ పొడుగునా చేరాయి. బొమ్మలు తడి నేలకు తగలకుండా అన్నిటినీ తిరగేసి పెట్టారు.

అవి వచ్చిన మొదటి రాత్రి జుబియా దీపం ఆర్పబోయి ఆగిపోయింది.

"ఏవండీ, వీళ్లందరూ మనల్నే చూస్తున్నారు."

"ఎవరు?"

"మంత్రులు."

తన పెళ్లి దుపట్టా తెచ్చి గోడ పొడుగునా కప్పింది. మంచం కింద వాళ్ల సంగతేమిటని అడిగాడు ఇష్తియాక్. "వాళ్లకు పరుపు అడ్డం కదండీ," అంది. ఇలాంటి తెలివైన భార్య దొరికినందుకు ఇష్తియాక్ ఆ రాత్రి తనను తాను ఎంత అభినందించుకున్నాడో చెప్పలేం.

ఇంతలో ఒక పత్రిక 'మంత్రి గారి నిప్పుల బ్యాటరీలు' అని రాసింది. వెంకటకృష్ణారావు గారు చదివారు. ఆయన విమర్శకు జంకే నాయకుడు కాదు. బుధవారం బెజవాడలో కల్యాణ మండపంలో సభ పెట్టించి, వేదిక మీద కూర్చుని, చౌడయ్య సంఘం వారి లాప్‌టాప్‌ను తెప్పించి ఒళ్లో పెట్టుకున్నారు.

"చార్జింగు పెట్టండి!" అని ఆజ్ఞాపించారు.

ఇష్తియాక్ దణ్ణం పెడుతున్నట్టు వంగి, "సార్, కంపెనీ వాళ్లు వద్దన్నారండీ," అన్నాడు.

"కంపెనీకి ఓట్లున్నాయా?"

లేవు. ఇష్తియాక్ ప్లగ్గు పెట్టాడు.

మంత్రి గారు మైకు అందుకున్నారు. "చూడండి! ఒళ్లో పెట్టుకున్నాను. నాకేమన్నా అయిందా?"

"కాలేదు!" అన్నారు కార్యకర్తలు.

"కొంచెం వెచ్చగా ఉంది. ఇది మీ ఆప్యాయత!"

చప్పట్లు. కాసేపటికి ఆప్యాయత ఎక్కువైంది. మంత్రి గారి నుదుట చెమట పట్టింది. మాట వేగం పెరిగింది. రాష్ట్ర ప్రగతి గురించి మొదలుపెట్టిన వాక్యం దేశ ప్రగతి దాకా వెళ్లకుండానే ఆయన లేచి నిలబడ్డారు. లాప్‌టాప్ బోర్లా పడింది. పొగ వచ్చింది. సన్మానానికి తెచ్చిన శాలువలన్నీ దాని మీద కప్పారు. అంత ఘనమైన సన్మానం ఆ వేదిక మీద అంతకుముందు ఎవరికీ జరగలేదని పాతవాళ్లు చెప్పుకున్నారు.

ఇష్తియాక్ ప్లగ్గు లాగి, పొగ తగ్గాక శాలువ తీశాడు. వేడికి బంక కరిగి, మంత్రి గారి బొమ్మ చుట్ట చుట్టుకుని దానంతటదే ఊడి పక్కన పడి ఉంది. అది ఊడిన చోట, అంచులు కమిలినా అక్షరం చెదరకుండా, నెంబరు ఉంది.

అతను ఆనందం పట్టలేక దాన్ని అరచేతిలో రాసుకున్నాడు.

ఉమామహేశ్ గారు ఆ చేతిని చూశారు. చుట్ట చుట్టుకున్న బొమ్మను చూశారు.

"ఎవరు పీకారు?"

"ఎవరూ పీకలేదండీ. దానంతటదే ఊడింది."

ఉమామహేశ్ గారి మొహం వెలిగింది. మంత్రి గారు విశ్రాంతి తీసుకుంటున్న వెనక గదిలోకి దూరారు. అక్కడ మంత్రి గారు తొడకు బర్నాల్ రాయించుకుంటూ విషయమంతా విన్నారు.

"అంటే ఎవరి చెయ్యీ పడదు?"

"పడదండీ. వేడికి తమరంతట తమరే తప్పుకుంటారు."

"నా ఇష్టపూర్వకంగా అన్నమాట."

"అక్షరాలా అంతేనండీ."

ఆయన అభ్యంతరం చెప్పలేదు. ఉమామహేశ్ గారు బయటికొచ్చి ఇష్తియాక్ భుజం తట్టారు.

"రేపు పొద్దున తొమ్మిదింటికి. మిగతా ముప్పై తొమ్మిదీ ఒకేసారి చార్జింగు పెట్టెయ్. బొమ్మలూడగానే నెంబర్లు రాసుకో. ఎల్లుండి శుక్రవారం నుంచి నీకు సెలవు."

"ఆఫీసుకు మోయించమంటారా?"

"ఆఫీసు ప్రభుత్వ ఆస్తయ్యా! రిస్కు తీసుకోకూడదు. మీ ఇంట్లోనే పెట్టు."

"అంటుకుంటే సార్?"

"అంటుకునే ముందు బొమ్మ ఊడుతుంది. అది ఊడగానే నువ్వు ప్లగ్గు తియ్యి."

"ముప్పై తొమ్మిదీ నేనొక్కణ్ణేనా?"

"మీ ఆవిడ ఉంది కదా."

"మంత్రి గారు వస్తారాండీ?"

"రాకపోవడమేంటి? గన్నవరంలో హైదరాబాదు విమానం ఎక్కే ముందు సెల్‌ఫోన్‌లో ప్రారంభిస్తారు. నేను ఆయన పక్కనే ఉండి పర్యవేక్షిస్తాను. జంక్షన్ బాక్సులు సాయంత్రం పంపిస్తున్నా."

ఇష్తియాక్ ఇల్లు చేరేసరికి జంక్షన్ బాక్సులు వచ్చేశాయి. వాటితోపాటు 'గౌరవ మంత్రి గారి దివ్య హస్తములతో' అన్న బ్యానరు కూడా వచ్చింది. ఇంటి యజమానురాలు తెరేసమ్మ గారు దాన్ని మెట్ల పిట్టగోడకు కట్టించి మురిసిపోతోంది.

మేడ మీద జుబియా టీ ఇచ్చి అంతా విన్నది. సెలవు సంగతి దగ్గర చప్పట్లు కొట్టింది. తర్వాత గదిలో ఉన్న ఆ ఒక్క ప్లగ్గును చూసింది. మంచాన్ని చూసింది. గోడ పొడుగునా కప్పిన తన పెళ్లి దుపట్టాను తీసి, మడతపెట్టి పెట్టెలో పెట్టుకుంది.

"మంత్రి గారు గన్నవరంలో ఉంటారన్నమాట."

"అవును."

"మీ ఆఫీసరు గారు కూడా."

"ఆయన పక్కనే."

"అయితే మనమూ అక్కడికే వెళ్దామండీ. నేను విమానాన్ని దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు. బంతిపూల దండ నేను గుచ్చుతాను, మీరు మంత్రి గారికి వేయండి. అట్నుంచటే బందరు వెళ్లిపోదాం. ఎల్లుండి జుమాగీకి ఫోటో అక్కర్లేదని మా నాన్నకు ఫోన్ చేయండి."

"మరి ఇక్కడ?"

"ఇక్కడేముంది? మెయిన్ స్విచ్చి ఆపేసి తాళం వేద్దాం."

"తాళంచెవి తెరేసమ్మ గారికి ఇద్దామా?"

"ఆవిణ్ణి కూడా తీసుకెళ్దామండీ. బిర్యానీ అంటే ఇష్టమని మొన్న చెప్పింది."

ఇష్తియాక్ టీ గ్లాసు కింద పెట్టాడు. "స్విచ్చి ఎవరు వేస్తారు జుబియా?"

జుబియా కిటికీలోంచి బ్యానరు వైపు చూపించింది.

"ప్రారంభించేది మంత్రి గారు కదండీ. మధ్యలో మనం చెయ్యి పెడితే ఏం బాగుంటుంది?"